అంతర్జాతీయ క్రీడలు – మన ఉత్తరపు గుమ్మాలు – శాఖల సమన్వయం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటున్నాము. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదనీ, ఉద్యోగి హక్కు అనీ తీర్పు చెప్పింది. కరువు భత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి కార్యదర్శిగారు ఇప్పటికే వివరంగా చెప్పారు గనుక నేను వాటి జోలికి పోను. నాకు వేరే విషయం అప్పగించారు.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాదుకు ఖాయమయ్యాయి. 2036 ఒలింపిక్స్ కోసం మన దేశం ప్రయత్నం చేస్తున్నది. ఇంత పెద్ద క్రీడలు జరిగేటప్పుడు భద్రత కోసం పది శాఖలు ఎలా కలిసి పనిచేయాలి? మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో ఉద్యోగం చేసిన మనం ఈ విషయంలో చూసినదేమిటి? ఇదీ నాకిచ్చిన అంశం. నేను పోలీసు అధికారిని కాను, రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. కనుక గుమాస్తా కుర్చీలో కూర్చుంటే కనిపించినంత మేరకే చెబుతాను.

పదిమందిలో పాము చావదని మన సామెత. ప్రతివాడూ పక్కవాడు కొడతాడులే అనుకుంటాడు. భద్రత ఏర్పాట్లలో ఉన్న పెద్ద చిక్కు కూడా ఇదే. ఏ శాఖకు ఆ శాఖ తన పని బాగానే చేస్తుంది. ఒక శాఖ పని ఆగి మరో శాఖ పని మొదలయ్యే చోట ఒక అతుకు ఉంటుంది చూడండి, దెబ్బ తగిలేది అక్కడే. నేను ఈ రోజు చెప్పదలచినదంతా ఆ అతుకు గురించే.

మన నగరంలో జరిగిన రెండు క్రీడలు

హైదరాబాదులో అంతర్జాతీయ క్రీడలు పెద్ద ఎత్తున రెండుసార్లు జరిగాయి. మొదటివి ఆఫ్రో-ఆసియా క్రీడలు, 2003 అక్టోబరు 24 నుండి నవంబరు 1 వరకు. నిజానికి ఇవి 2001 నవంబరులో ఢిల్లీలో జరగవలసినవి. ఆ సెప్టెంబరు 11న అమెరికాలో దాడులు జరగడం, తరువాత ఆఫ్ఘనిస్తాన్‌లో యుద్ధం రావడంతో వాయిదా పడి చివరకు మన నగరానికి వచ్చాయి. అంటే పుట్టుకలోనే భద్రత సమస్యతో పుట్టిన క్రీడలవి. ఇక్కడికి వచ్చాక కూడా ఆ నీడ వదలలేదు. 2003 అక్టోబరు 1న తిరుపతి దగ్గర అలిపిరిలో నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుగారి కాన్వాయ్ మీద మందుపాతరలు పేల్చారు. అది జరిగిన 23 రోజులకే క్రీడల ప్రారంభం.

రెండవవి ప్రపంచ సైనిక క్రీడలు, 2007 అక్టోబరు 14 నుండి 21 వరకు. అంతకు ముందు రోమ్, జాగ్రెబ్, కటానియా నగరాల్లో జరిగి, ఆసియా ఖండానికి మొట్టమొదటిసారి వచ్చింది హైదరాబాదుకే. నూటికి పైగా దేశాల నుండి వేలాది సైనిక క్రీడాకారులు వచ్చారు. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియంలో రాష్ట్రపతి ప్రతిభా పాటిల్‌గారు ప్రారంభించారు. తెరచాప పడవల పోటీలు మాత్రం సముద్రం కావాలి గనుక ముంబాయిలో పెట్టారు.

ఆ సంవత్సరం నగరం ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి. మే 18న మక్కా మసీదులో పేలుడు. ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో ఒకటి, కోఠీ గోకుల్ చాట్ దగ్గర మరొకటి. రెండు చోట్ల కలిపి 42 మంది పోయారు. మహారాష్ట్ర నుండి విహారయాత్రకు వచ్చిన ఇంజినీరింగు విద్యార్థులు కూడా అందులో ఉన్నారు. సరిగ్గా 50 రోజులకు సైనిక క్రీడల ప్రారంభోత్సవం. నూరు దేశాల సైనికులు యూనిఫారాలతో వస్తున్నారు. క్రీడలు మానుకుంటే భయపడ్డామంటారు, జరిపితే ఏమవుతుందోనని గుండెల్లో దడ. ఆ 50 రోజుల్లో అన్ని శాఖల మీద పడిన బరువు అంతా ఇంతా కాదు.

మన రెండు గుమ్మాలు

పోటీలు జరిగింది గచ్చిబౌలి వైపూ, నగరంలోపలా గదా, మేడ్చల్, శామీర్‌పేటలకు ఏమి సంబంధం అని యువకులు అడుగుతారు. సంబంధం ఉన్నది. అప్పటికి ఔటర్ రింగు రోడ్డు లేదు, దాని మొదటి ముక్క తెరిచింది 2008 నవంబరులో. నాగపూర్ నుండి వచ్చే ఏడవ నంబరు జాతీయ రహదారి, అంటే ఇప్పటి 44, మేడ్చల్ మీదుగానే నగరంలోకి దిగాలి. కరీంనగర్, రామగుండం నుండి వచ్చే రాజీవ్ రహదారి శామీర్‌పేట మీదుగానే దిగాలి. ఉత్తరాన నగరానికి ఉన్న రెండు గుమ్మాలు ఇవే. లోపల ఇంటికి ఎంత కాపలా పెట్టినా గుమ్మం చూసుకోకపోతే లాభం లేదు.

ఈ గుమ్మాల చుట్టూ ఉన్నవి చూడండి. హకీంపేటలో వైమానిక దళ స్థావరం, దాని పక్కనే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం వారి శిక్షణ అకాడమీ, మన క్రీడా పాఠశాల. ఆ వైపు దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీ. బొల్లారంలో రాష్ట్రపతి నిలయం. తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ టీకాల కంపెనీలు. అటుపైన లారీలు ఆగే దాబాలు, రాళ్ళ క్వారీలు, క్రషర్లు, బీహారు, ఒరిస్సా నుండి వచ్చిన కూలీల గుడిసెలు, సెలవు రోజుల్లో శామీర్‌పేట చెరువుకూ, జింకల పార్కుకూ వచ్చే జనం.

ఇక అధికార పరిధులు. సికింద్రాబాదు నుండి శామీర్‌పేటకు ఒకే రోడ్డు. తిరుమలగిరి వైపు కంటోన్మెంటు బోర్డు, మిలిటరీవారు, హైదరాబాదు నగర పోలీసులు. ఆల్వాల్ వస్తే మున్సిపాలిటీ, అప్పటికి కొత్తగా ఏర్పడిన సైబరాబాదు పోలీసులు. హకీంపేటలో వైమానిక దళం. తూంకుంట దాటితే గ్రామ పంచాయతీలు, మండల రెవెన్యూ కార్యాలయం. బస్సులో గంట ప్రయాణం కూడా లేని రోడ్డు మీద ఇందరు యజమానులు. దీనికి తోడు 2007 ఏప్రిల్ 16న గ్రేటర్ హైదరాబాదు కార్పొరేషన్ ఏర్పడి ఆల్వాల్, కుత్బుల్లాపూర్, మల్కాజిగిరి, కాప్రా మున్సిపాలిటీలు అందులో కలిసిపోయాయి. పాత కమిషనరు లేడు, కొత్త సర్కిలు ఇంకా సర్దుకోలేదు. కాగితం ఎవరికి పంపాలో కవరు మీద రాయడానికే తడుముకునే రోజులవి.

ఒక్క విషయంలో మన ప్రాంతం అదృష్టం చేసుకున్నది. రాష్ట్రపతిగారు బొల్లారం విడిదికి వచ్చినప్పుడల్లా హకీంపేటలో దిగడం, రోడ్లు భవనాల శాఖ బారికేడ్లు కట్టడం, విద్యుత్ శాఖ జనరేటర్లు పెట్టడం, వైద్య శాఖ అంబులెన్సు సిద్ధం చేయడం, ఆహార తనిఖీ అధికారి వంట చూచి సంతకం పెట్టడం మనవారికి అలవాటే. సమన్వయం అనేది ఒకనాడు సమావేశం పెడితే వచ్చేది కాదనీ, ఏటేటా చేస్తే చేతికి అలవడుతుందనీ నేను అక్కడ నేర్చుకున్నాను.

ఒకే గుంతకు మూడు పేర్లు

ఆగస్టు పేలుళ్ళలో వాడినది అమ్మోనియం నైట్రేటుతో చేసిన, క్వారీల్లో రాళ్ళు పగలగొట్టే రకం మందు అని దర్యాప్తులో తేలింది. దాంతో రాష్ట్రమంతటా క్వారీల మీద దృష్టి పడింది. పేలుడు పదార్థాల లైసెన్సు ఇచ్చే శాఖ వేరు, గనుల లీజు చూసే శాఖ వేరు, స్థలం మీద నిరభ్యంతర పత్రానికి నివేదిక రాసే రెవెన్యూ వేరు, విచారణ చేసే పోలీసులు వేరు. నేనప్పుడు ఇటువైపు ఒక మండల కార్యాలయంలో ఉన్నాను. జాబితాలు అన్నీ తెప్పించి పక్కపక్కన పెడితే ఒకదానికొకటి పొంతన లేదు. ఒక శాఖ సర్వే నంబరు ప్రకారం రాసింది, ఒక శాఖ లైసెన్సు నంబరు ప్రకారం రాసింది, మరొకరు యజమాని పేరు రాశారు. ఆ యజమాని ఏనాడో అమ్ముకుని పోయాడు. ఒకే గుంతకు మూడు పేర్లు. మూడు గుంతలకు అసలు పేరే లేదు. ఏ శాఖనూ తప్పు పట్టడానికి లేదు, ఎవరి రిజిస్టరు వారికి సరిగానే ఉన్నది. కలిపి చూసేవాడే లేడు.

చివరకు చిక్కు విప్పింది ఇద్దరు. ఒకరు విద్యుత్ శాఖ లైన్‌మన్. కరెంటు లేనిదే క్రషరు తిరగదు. బిల్లు కట్టే సర్వీసు నంబరు ఉన్నదంటే అక్కడ పని నడుస్తున్నదన్న మాటే. రెండవవాడు గ్రామ సేవకుడు. ఏ గుంతలో ఎవరు తవ్వుతున్నారో, మందు గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో, రాత్రి కాపలా ఉన్నాడో లేడో అతనికి నోటి లెక్క. సర్వే నంబరు, లైసెన్సు నంబరు, సర్వీసు నంబరు ఒకే వరుసలో వచ్చేలా గళ్ళు గీసి ఒక్క జాబితా తయారు చేశాము. పై అధికారులు దాన్నే నకళ్ళు తీసి అన్ని శాఖలకూ ఇచ్చారు. అటు తరువాత తనిఖీకి వెళ్ళినవారందరి చేతిలోనూ అదే కాగితం.

బస చేసేవారి లెక్క కూడా అంతే. లాడ్జీలకు అప్పట్లో 1867 నాటి సరాయి చట్టం ఉండేది, విదేశీయుడు దిగితే 24 గంటల లోపల సి-ఫారం పంపాలన్న నియమం ఉండేది. కాని దాబా దగ్గర నులక మంచం మీద నడుం వాల్చే లారీ డ్రైవరు ఏ రిజిస్టరులోకి వస్తాడు? పెళ్ళిళ్ళు లేని రోజుల్లో ఫంక్షన్ హాలు ఎవరికి అద్దెకిచ్చారో ఏ చట్టం అడుగుతుంది? ఇవన్నీ ఊరివారిని అడిగితేనే తెలుస్తాయి.

సైనిక క్రీడలు క్షేమంగా ముగిశాయి. అందులో మన జాబితా వంతు ఎంత అని నేను లెక్క కట్టను. సైన్యం, పోలీసులు, వైమానిక దళం, రాష్ట్ర ప్రభుత్వం అందరూ రాత్రింబవళ్ళు పనిచేశారు. ఏమీ జరగకపోవడమే ఈ పనికి ఫలితం. ఏమీ జరగని పనికి బహుమానం ఉండదు, పత్రికల్లో ఫోటో కూడా పడదు.

ప్రపంచం నేర్చుకున్న పాఠాలు

అతుకు ఊడితే ఏమవుతుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. మొదటిది మ్యూనిక్, 1972. సెప్టెంబరు 5 తెల్లవారుజామున 8 మంది సాయుధులు క్రీడాగ్రామంలో చొరబడ్డారు. చివరకు 11 మంది ఇజ్రాయెల్ క్రీడాకారులు, శిక్షకులు, ఒక జర్మన్ పోలీసు ప్రాణాలు కోల్పోయారు. సాయుధులు నలుగురో అయిదుగురో అనుకుని విమానాల మైదానంలో అయిదుగురు గురికాండ్రను పెట్టారు. బస్సులో నుండి హెలికాప్టర్లలోకి ఎక్కించేటప్పుడు వారు 8 మంది అని తేలింది. ఆ అంకె మైదానానికి సకాలంలో చేరలేదు. గురికాండ్ర మధ్య వైర్‌లెస్ సెట్లు లేవు. ఒక్క అంకె ఒక చోటి నుండి మరో చోటికి వెళ్ళకపోవడం ఎంత పని చేసిందో చూడండి. ఆ నెలలోనే జర్మనీ ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేయాలని నిర్ణయించింది.

రెండవది అట్లాంటా, 1996. జూలై 27 అర్ధరాత్రి దాటాక ఒకడు అత్యవసర నంబరుకు ఫోన్ చేసి సెంటెనియల్ పార్కులో బాంబు ఉన్నది, 30 నిమిషాల గడువు అని చెప్పాడు. ఫోను ఎత్తిన ఉద్యోగిని సమాచారం కంప్యూటరులో ఎక్కించబోతే ఆ పార్కు చిరునామా అందులో లేదు! క్రీడల కోసం కొత్తగా కట్టిన పార్కు, జనం వేలల్లో చేరే చోటు, జాబితాలో ఎక్కించనే లేదు. చిరునామా కోసం అక్కడికీ ఇక్కడికీ ఫోన్లు చేస్తూ పది నిమిషాలు పోయాయి. ఆ కబురు పార్కులో ఉన్నవారికి అందేలోపే బాంబు పేలింది. ఒక తల్లి మరణించింది, నూరు మందికి పైగా గాయపడ్డారు.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు మన దేవరయాంజాల్ గుర్తుకొస్తుంది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవల కేంద్రం మన మేడ్చల్ రోడ్డు మీదనే గదా ఉన్నది. మనవారు ఫోన్ చేసి ‘మైసమ్మ గుడి పక్కన, వేపచెట్టు ఎదురుగా’ అంటారు. ఆ గుడి ఏ పంచాయతీలో ఉన్నది, ఏ పోలీసు స్టేషను పరిధి, ఏ దారిన అంబులెన్సు పోవాలి అన్నది ముందే రాసి పెట్టుకున్నవాడే ప్రాణం నిలబెడతాడు. ఆల్వాల్ మున్సిపాలిటీ పేరు మారిన నాడు బోర్డు మార్చినంత మాత్రాన చాలదు, ప్రతి శాఖ జాబితాలోనూ మారాలి.

జాబితాకు రెండవ వైపు

ఇంతసేపు జాబితాలను పొగిడాను. వాటితో కీడు కూడా ఉన్నది, అది చెప్పకపోతే నా ప్రసంగం సగమే అవుతుంది. అట్లాంటాలో ఆ సంచిని మొదట గమనించి పోలీసులకు చెప్పినవాడు రిచర్డ్ జువెల్ అనే కాపలాదారు. జనాన్ని దూరంగా పంపి ఎందరినో కాపాడాడు. మూడు రోజులు తిరిగేసరికి అతనే అనుమానితుడని పత్రికలకెక్కింది. దాదాపు మూడు నెలలు ఆ మనిషి ఇంట్లో నుండి తలెత్తుకుని బయటకు రాలేకపోయాడు. అసలు దోషి 2003లో గాని దొరకలేదు.

మన నగరంలోనూ 2007 పేలుళ్ళ తరువాత పట్టుకుపోయిన యువకులలో ఎందరో కోర్టులలో నిర్దోషులుగా తేలారు. తరువాత రాష్ట్ర ప్రభుత్వమే వారికి పరిహారం ప్రకటించింది. చదువు మధ్యలో పోయినవానికి, పెళ్ళి సంబంధం తప్పినవానికి ఆ సొమ్ము ఏపాటి? క్వారీ కూలీల గుడిసెలకు పేర్లు రాసుకోవడానికి వెళ్ళినప్పుడు వారి కళ్ళలో భయం నేను చూశాను. ‘మమ్మల్ని ఎందుకు రాస్తున్నారయ్యా, మేము ఏం చేశాం’ అని ఒక ముసలామె అడిగింది. రేపు ఇక్కడ ఏదైనా ప్రమాదం జరిగితే మీ వాళ్ళకు కబురు చేయడానికి కూడా ఈ పేర్లే పనికొస్తాయి అమ్మా అని మా గ్రామ సేవకుడు జవాబు చెప్పాడు. ఆమె కూర్చుని ఇంటిల్లిపాది పేర్లూ చెప్పింది. ఏ శిక్షణలోనూ నేర్పని మాట అది. చోట్ల జాబితా రాయండి, సామాన్ల జాబితా రాయండి. మనుషుల పేర్లు రాయవలసి వస్తే వారి క్షేమం కోసం రాయండి. భయపడిన ఊరు నోరు విప్పదు. ఊరు నోరు విప్పకపోతే ఎన్ని శాఖలు కలిసినా గుడ్డివే.

నా మనవి

పెద్దలు ఆలోచించవలసినవి మూడు విషయాలు సభ ముందు పెడుతున్నాను.

ఒకటి, ప్రతి చోటుకూ అన్ని శాఖలకూ చెల్లే ఒకే పేరు, ఒకే నంబరు ఉండాలి. సరిహద్దులు మారినప్పుడల్లా దాన్ని దిద్దాలి. 2016 అక్టోబరు 11న మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. ఆ తరువాత పంచాయతీలు మున్సిపాలిటీలుగా మారాయి. మారిన ప్రతిసారీ పాత కవర్లు పాత చిరునామాలకే పోతుంటాయి.

రెండు, సమన్వయ సమావేశానికి వచ్చేవారిలో అధికారులతోపాటు ఆ రిజిస్టరు రాసే గుమాస్తా, లైన్‌మన్, గ్రామ సిబ్బంది కూడా ఉండాలి. పై అధికారి బదిలీ మీద పోతాడు. నంబరు గుర్తున్నవాడు కిందివాడే.

మూడు, ఇది మనకు దగ్గరి విషయం. ఆ రోజుల ఫైళ్ళు ఏమైనట్టు? మన కార్యాలయ పద్ధతి మీ అందరికీ తెలిసినదే. ఆర్.డిస్. అని మూస్తే శాశ్వతంగా ఉంటుంది, ఎల్.డిస్. అని మూస్తే ఏడాదికి చెత్తలోకి పోతుంది. క్రీడల బందోబస్తు తాత్కాలికమైన పని గనుక ఆ కాగితాలు చాలా చోట్ల ఎల్.డిస్. కిందనే ముగిశాయి. నేను 2009లో దిగిపోయేనాటికే మా గళ్ళ జాబితా బీరువాలో లేదు. రేపు పెద్ద క్రీడలేవైనా మళ్ళీ మన నగరానికి వస్తే పిల్లలు మొదటి గుంత దగ్గర నుండి మళ్ళీ లెక్క పెట్టుకోవాలి.

కాగితం పోయినా మనం ఇంకా ఉన్నాము. ఈ హాలులోనే రెవెన్యూవారు, పంచాయతీరాజ్‌వారు, విద్యుత్ శాఖవారు, వైద్య శాఖవారు, పోలీసు శాఖ మినిస్టీరియల్ సోదరులు ఉన్నారు. 2003లోనూ 2007లోనూ ఎవరు ఏ పని చేశారో, ఎక్కడ పని ఆగిపోయిందో, దాన్ని ఎలా నడిపించారో తలా నాలుగు పేజీలు రాసి సంఘ కార్యాలయానికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. రహస్యాలు రాయవద్దు, పేర్లు రాయవద్దు, పని పద్ధతి మాత్రం రాయండి. కార్యవర్గం వారు దాన్ని కుట్టించి కలెక్టరుగారికి ఒక ప్రతి అందజేసి, ఆర్.డిస్. కింద ఉంచవలసిందని విన్నవిస్తే బాగుంటుంది. మన వయసు మీకు తెలియనిది కాదు. పోయిన సంవత్సరం ఈ వరుసల్లో కూర్చున్నవారిలో కొందరు ఈ సంవత్సరం లేరు. వారితోపాటు వారికి తెలిసినదీ పోయింది. వచ్చే సంక్రాంతి లోపల నా నాలుగు పేజీలు నేను ఇస్తానని ఈ సభలో మాట ఇస్తున్నాను.



జై హింద్.